గోల్లో ఎవరు నిలబడాలి

మొన్నామధ్య నా మనవడు రవి, కాలేజీ స్నేహితులు ముగ్గురిని వెంటబెట్టుకుని కౌలాలంపూర్‌లోని మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఈసారి గోల్‌కీపర్‌గా ఎవరిని నిలబెట్టాలన్నది వాళ్ళ మధ్య గొడవ. మూడేళ్ళుగా నిలబడుతున్న పాతవాడా, ఈ ఏడు కొత్తగా చేరిన కుర్రవాడా? నేను వేయించి పెట్టిన వడలు చల్లారిపోతున్నా ఎవరికీ పట్టలేదు. కాస్త ఇంగ్లీషు, కాస్త మలయ్, కోపం వచ్చినప్పుడు తమిళం. మా రవికి తెలుగు అర్థమవుతుంది కానీ నోటికి రాదు. నేను పక్కనే కూర్చుని వింటుంటే, "అమ్మమ్మా, నీకు బోర్ లా," అని, వచ్చిన రెండు ముక్కలకీ ఇక్కడి 'లా' తోక తగిలించాడు. నాకు విసుగేమీ లేదు. పేర్లు మార్చితే ఆ మాటలన్నీ నేను ఒకప్పుడు మా వరండాలో విన్నవే. ఎత్తుగా ఉన్నవాడు మేలా, చురుకైనవాడు మేలా అన్న దగ్గర మా నాన్న గొంతు కూడా వినిపించినట్టయింది.

మా నాన్న సుంగై పెటానీకి కొద్ది మైళ్ళ దూరంలో ఒక రబ్బరు తోటలో పెద్ద కిరాణీ. అంటే తోట ఆఫీసులో గుమాస్తాల మీద గుమాస్తా. మా ఇల్లు చెక్క ఇల్లు, కింద స్తంభాలు, పైన రేకులు. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. తెల్లవారకముందే కూలీల హాజరుకి గంట కొట్టేవారు. నాన్న టార్చిలైటు పట్టుకుని వెళ్ళి, పొద్దు పొడిచే వేళకి తిరిగి వచ్చి, వరండాలో పేము కుర్చీలో కూర్చుని కాఫీ తాగేవాడు. ఆయన చొక్కాలో రబ్బరు పాలు గడ్డకట్టించే ఆసిడ్ వాసన, తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన కలిసిపోయి ఉండేవి. రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇల్లు మాకు దగ్గరే. ఆ పొగ వాసన ఉతికిన బట్టల్లోకీ, దుప్పట్లలోకీ, అమ్మ తోడుపెట్టిన పెరుగులోకీ వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చి కట్టె పొగ తగిలితే నాకు ఆకలి వేస్తుంది.

మా నాయనమ్మ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళికూతురుగా ఓడెక్కి వచ్చిన మనిషి. మలయ్ మాటలు వంటింటికి సరిపడా నేర్చుకుంది. చేపలు అమ్మేవాడితోనూ కూరగాయలమ్మే ఆవిడతోనూ తెలుగులోనే బేరం చేసేది, వాళ్ళు మలయ్‌లో చెప్పేవాళ్ళు, బేరం కుదిరేది. మధ్యాహ్నం పూట ఆకూ వక్కా నములుతూ వీధి గుమ్మానికి ఆనుకుని లోపలే కూర్చునేది. మగవాళ్ళు వరండాలో మాట్లాడుకుంటుంటే బయటికి రాదు, కానీ ఒక్క మాట కూడా వదిలిపెట్టదు.

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, అడవిలోని కమ్యూనిస్టులతో తెల్లవాళ్ళ సర్కారుకి యుద్ధం. అడవిలో తుపాకులు పట్టుకున్న వాళ్ళకి తిండి అందకూడదని సర్కారు పట్టుబట్టింది. కూలీల వరస ఇళ్ళ చుట్టూ, మా కిరాణీల ఇళ్ళ చుట్టూ ముళ్ళ కంచె వేశారు. చీకటి పడకముందే గేటు మూసేవారు. గేటు దాటించి గుప్పెడు బియ్యం కూడా పట్టుకెళ్ళడానికి లేదు. బడికి వెళ్ళే అన్నయ్యకి అన్నం కట్టివ్వలేక అమ్మ కర్రపెండలం ఉడకబెట్టి, బెల్లం ముక్క పెట్టి పంపేది. అడవి అంచున కూరగాయలు పండించుకు బతికే చీనావాళ్ళనైతే ఇళ్ళతో సహా లేపేసి, రోడ్డు పక్కన ఒక్కచోట చేర్చి, చుట్టూ ఇంకా ఎత్తయిన కంచె వేసి, దానికి కొత్త గ్రామం అని పేరు పెట్టారు. ఆ గ్రామం మా తోటకీ పట్టణానికీ మధ్యలో ఉండేది. బస్సు ఆగినప్పుడు నేను కిటికీలోంచి చూసేదాన్ని. కంచెకి అవతల ఎవరో ఒక పిల్ల నాలాగే చూస్తూ ఉండేది.

పట్టణంలోని ఇంగ్లీషు హైస్కూలుని అందరూ కాలేజీ అనే పిలిచేవారు. అక్కడ చదువుకునే మా అన్నయ్య సింహాద్రి నాకంటే ఆరేళ్ళు పెద్ద. తాటిచెట్టులా ఎదిగాడు. చేతులు మోకాళ్ళ దాకా ఉన్నాయని నాయనమ్మ దిష్టి తీసేది. మాట తక్కువ, ఆట నిదానం. కాలేజీ జట్టులో వాడు గోలీ, అంటే గోల్‌కీపరు. వాడితోపాటు గోలీ కావాలనుకున్న ఇంకొకడు కొత్త గ్రామం నుంచి వచ్చే లియాంగ్. అన్నయ్య భుజం దాకా వస్తాడేమో. కానీ బంతి ఎటు తన్నబోతున్నారో తన్నేవాడికంటే ముందు వాడికి తెలిసేది. నేలబారు బంతికి వాడు పక్కకి దూకడం చూస్తే పిల్లి ఎలుక మీద పడ్డట్టుండేది.

ఆ ఏడు మా కాలేజీ జట్టు జిల్లాలో అందరినీ ఓడించుకుంటూ పోయింది. ఒక ఆటలో అన్నయ్య, ఒక ఆటలో లియాంగ్. ఆఖరి ఆట అలోర్ సెతార్ నుంచి వచ్చే జట్టుతో, సుంగై పెటానీ మైదానంలోనే. ఆ ఆటకి గోల్లో ఎవరు నిలబడాలన్నది ఊరి సమస్య అయిపోయింది. బస్సులో అదే మాట, చేపల బజారులో అదే మాట. అన్నిటికంటే ఎక్కువగా ఆదివారం పూట మా వరండాలో.

ఆదివారాలు నాన్నకి గడ్డం గీయడానికి పట్టణం నుంచి వేలు అనే మంగలి వచ్చేవాడు. తమిళుడు, తల్లి మాత్రం తెలుగావిడ, అందుచేత మా ఇంట్లో తెలుగు మాట్లాడడం వాడికొక ముచ్చట. కాలేజీ ఆట ఒక్కటి కూడా వదిలేవాడు కాదు. మా గేటు దగ్గర కాపలా ఉండే స్పెషల్ కానిస్టేబులు పాక్ మాట్ ఆ వేళకి డ్యూటీ దిగి, తుపాకీ మెట్లకి ఆనించి, కాఫీకి కూర్చునేవాడు. ముగ్గురూ మొదలుపెట్టేవారు. గోలీకి కావలసింది ఎత్తు, మిగతాదంతా నేర్చుకుంటే వస్తుంది, ఎత్తు నేర్చుకుంటే రాదు అని నాన్న. ఎత్తు కొబ్బరిచెట్టుకీ ఉంది, దాన్ని గోల్లో పాతుతామా అని వేలు. లియాంగ్ కళ్ళు చూడండి, బంతి కంటే ముందు పరిగెడతాయి అనేవాడు. సగం గీసిన గడ్డంతో నాన్న కుర్చీలోంచి లేచిపోతే, కత్తి పట్టుకున్న చెయ్యి పైకెత్తి వేలు ఒక అడుగు వెనక్కి వేసేవాడు. పాక్ మాట్ ఇద్దరి మాటా విని, ఇద్దరూ మంచివాళ్ళే, పెనాల్టీ వచ్చినప్పుడు ఎవడు భయపడడో చూడండి అనేవాడు. నాన్న తన కొడుకని పక్షపాతం చూపిస్తున్నాడని వేలు ఒక్కనాడూ అనలేదు. నాన్నకి మాత్రం ఎవరో అన్నట్టే ఉండేది. అందుకే మావాడు అనకుండా పొడుగువాడు, పొట్టివాడు అని మాట్లాడేవాడు.

వీళ్ళిలా వాదించుకుంటూ ఉండగా, ఆ పొడుగువాడూ పొట్టివాడూ మా పెరట్లోనే ఉండేవారు. ఎండ చల్లబడ్డ వేళ లియాంగ్ సైకిలు మీద వచ్చేవాడు. రెండు రబ్బరు మొక్కల మధ్య గోలు. నేను బంతి తన్నాలి. చెప్పుల్లేకుండా తన్నీ తన్నీ నా కాలి బొటనవేలు నల్లబడిపోయింది. వాళ్ళ మధ్య పోటీ ఉందని నాకు తెలియదనుకోకండి. ఎవడు తప్పినా రెండోవాడు నవ్వేవాడు కాదు. అదే పోటీ. నవ్వితే స్నేహం అయ్యుండేది. అన్నయ్య పైనుంచి వచ్చే బంతిని ఎలా అందుకుంటాడో లియాంగ్ గుచ్చి గుచ్చి చూసేవాడు. లియాంగ్ నేల మీదికి ఎలా దూకుతాడో చూసి, వాడు వెళ్ళాక అన్నయ్య ఒక్కడే మట్టిలో పడి దూకుతూ ఉండేవాడు. ఆట అయ్యాక నాయనమ్మ ఇద్దరికీ అరిటాకుల్లో చింతపండు పులుసూ అన్నమూ పెట్టేది. లియాంగ్ చేత్తో తినడం మా ఇంట్లోనే నేర్చుకున్నాడు. గేటు మూసే వేళకి ముందే వాడు తన కంచె లోపలికి చేరిపోవాలి కాబట్టి ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే సైకిలెక్కేవాడు.

వాదన ముదిరేకొద్దీ మాటల రంగు మారింది. ఒక ఆదివారం తోటలోని ఇంకో గుమాస్తా మా వరండాకి వచ్చాడు. కంచె లోపలున్నవాణ్ణి నమ్మి గోలు అప్పజెప్పడం ఏం తెలివి, వాళ్ళ వాళ్ళు అడవిలో ఎవరెవరున్నారో ఎవడికి తెలుసు అన్నాడు. వేలు కత్తి తుడుచుకున్నాడు. పాక్ మాట్ కాఫీ కప్పులోకి చూశాడు. నాన్న అవుననలేదు, కాదనలేదు. ఆ మాట తన పక్షానికి పనికొచ్చే మాట కదా. అప్పుడు నాయనమ్మ, మగవాళ్ళ మధ్యకి ఎప్పుడూ రానిది, గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది.

"ఏట్రా ఆ మాట? ఆడు కంచి లోపలున్నాడంతన్నారు. మరి మనం బయటున్నామేటి? పొద్దుగూకితే ఆలకీ తలుపేస్తన్నారు, మనకీ తలుపేస్తన్నారు. ఆడు నా సేతి కూడు తిన్నాడు. ఆట గురించి మాటాడుకోండి, మనిషి గురించి వొద్దు."

ఆ గుమాస్తా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాన్న ఆ రోజు భోజనం దగ్గర తల ఎత్తలేదు.

కాలేజీలో ఆటల మాస్టరు శామ్యూల్ గారు. సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండే మనిషి. ఎవరి వాదనా వినేవాడు కాదు. ఆఖరి ఆటకి లియాంగ్ పేరు చెప్పాడు. అన్నయ్య ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పి, కాళ్ళు కడుక్కుని, పుస్తకం తీసుకుని కూర్చున్నాడు. అమ్మ వాడికి ఇష్టమైన ఎండు చేపల వేపుడు చేసింది. వాడు తిన్నాడు, బాగుందన్నాడు. నాన్న మాత్రం పేము కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఎత్తు, ఎత్తు అని ఇన్ని వారాలు చెప్పినా వినలేదు కదా అని ఆ వీపు చెబుతూ ఉంది.

ఆట రోజు పొద్దున్నే శామ్యూల్ మాస్టరు చిన్న కారు మా ఇంటి ముందు ఆగింది. కొత్త గ్రామంలో ఎవరో అడవికి బియ్యం చేరవేశారని పోలీసులకి తెలిసిందట. గేట్లు మూసేశారు. లోపలివాళ్ళు బయటికి రాకూడదు. ఎవరైనా పరువున్న ఉద్యోగి వచ్చి హామీగా నిలబడితే కుర్రవాణ్ణి సాయంత్రం దాకా వదులుతానని గేటు దగ్గరి ఇన్‌స్పెక్టరు అన్నాడట. మాస్టరు తన మాట చాలదన్నారని చెప్పాడు. రబ్బరు తోట పెద్ద కిరాణీ అంటే దొర మనిషి, ఆ మాటకి విలువ ఉంది. ఇదంతా చెప్పి, అడగడానికి వచ్చిన సంగతి మాత్రం నోటితో అడగలేక దగ్గుతూ నిలబడ్డాడు.

ఆ కాలంలో ఒకరికి హామీ నిలబడడం చిన్న సంగతి కాదు. లియాంగ్ తిరిగి వెళ్ళకపోయినా, దారిలో ఇంకేదైనా జరిగినా, నాన్న ఉద్యోగమే కాదు, నాన్నే లోపలికి వెళ్ళవలసి వచ్చేది. పైగా నాన్న కదలకపోతే చాలు, గోల్లో మా అన్నయ్యే. ఊరంతా చూస్తుండగా, ఇన్ని వారాలు ఆయన కోరుకున్నది చేతులు కట్టుకు కూర్చుంటే దొరుకుతుంది. అమ్మ తలుపు వెనక్కి వచ్చి నిలబడింది. అన్నయ్య వరండాలోకి వచ్చాడు.

"నాయినా, నువ్వెల్లి ఆడిని తీసుకురా. గేటు మూసేసినారని నాను గోలీ అయిపోతే ఎలాగ? పోలీసోడు ఎంచిన గోలీ అంతారు నన్ను."

నాన్న వాడి మొహంలోకి చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి తన కోటు ఎక్కడుందని అడిగాడు. ఆ కోటు దొర బంగళాకి వెళ్ళినప్పుడు తప్ప తొడిగేవాడు కాదు.

నేనూ అన్నయ్యా వెనక సీట్లో కూర్చున్నాం. గేటు దగ్గర నాన్న ఇన్‌స్పెక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడాడు. చివరికి తన గుర్తింపు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. కార్డు లేకుండా రోడ్డు మీద దొరికితే ఆ రోజుల్లో ఎవడినైనా పట్టుకుపోతారు. ఇనుప గేటు కొంచెం తెరిచారు. లియాంగ్ బూట్లు మెడకి తగిలించుకుని బయటికి వచ్చాడు. వాడి వెనక వాళ్ళమ్మ కంచె పట్టుకుని, నాన్న వైపు చూసి తల వంచింది. నాన్న కూడా తల వంచాడు. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటి కూడా లేదు.

ఆట గురించి ఎక్కువ చెప్పను. మైదానం నిండా జనం, ముందురోజు వానకి బురద. లియాంగ్ ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. నేలబారుగా వచ్చిన ప్రతి బంతినీ ఆపాడు. వేలు జనంలో నిలబడి చేతులు ఊపుతున్నాడు. నాన్న కూడా ఒకసారి తెలియకుండా చప్పట్లు కొట్టాడు. ఆట ముగియవచ్చిన వేళ ఎడమ వైపు నుంచి ఒక పొడుగు బంతి గాలిలోకి లేచి, నెమ్మదిగా, అందరూ చూస్తుండగా గోలు మీదికి దిగింది. లియాంగ్ ఎగిరాడు. బంతి వాడి వేళ్ళ మీదుగా, నాలుగంగుళాలు పైనుంచి వెళ్ళి వలలో పడింది. ఆ ఒక్క గోలుతో మావాళ్ళు ఓడిపోయారు. నాన్న ఆరు వారాలుగా చెప్పిన మాట చెప్పినట్టే జరిగింది.

ఆట అయ్యాక అదే కారులో కొత్త గ్రామానికి తిరిగి బయలుదేరాం. గేటు మూసే వేళకి ముందే చేరాం. లియాంగ్ దిగి, కారు కిటికీ దగ్గర నిలబడి, మలయ్‌లో క్షమించమని అడిగాడు నాన్నని. నాన్న జీవితంలో ఎప్పుడూ బంతి తన్నని మనిషి. అయినా చాలా గంభీరంగా, వెనక్కి అడుగేసి ఎగరాలి, నిలబడ్డచోట ఎగిరితే లాభం లేదని వాడికి పాఠం చెప్పాడు. లియాంగ్ శ్రద్ధగా విన్నాడు. అన్నయ్య కారు దిగి, గేటు దాకా వాడి పక్కన నడిచి వచ్చాడు. నాన్న కార్డు నాన్నకి దొరికింది.

మర్నాడు ఆదివారం. వేలు వచ్చాడు. సబ్బు నురగ పూశాడు. పాక్ మాట్ మెట్ల మీద కూర్చున్నాడు. మామూలుగా రానివాళ్ళు కూడా ఆ రోజు నలుగురైదుగురు వచ్చి వరండాలో నిలబడ్డారు. అందరికీ నాన్న నోటి వెంట ఒక్క మాట వినాలని ఉంది. అనడానికి ఆయనకి హక్కు కూడా ఉంది. వేలుకే మనసు ఆగలేదు. తన పక్షం ఓడిందని ఒప్పుకోవడానికే కాబోలు, కత్తి పట్టుకుని అన్నాడు.

"కిరాణీ సార్, మీ పిల్లవాడు నిలబడి ఉంటే ఆ బంతి లోపలికి పోయి ఉండదు."

నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు. "పోయేది, వేలూ. మావోడు నిలబడినా పోయేది. ఆ బంతి ఎవుడికీ అందదు."

గుమ్మం లోపల నాయనమ్మ వక్క కొరకడం ఆపింది. వేలు గడ్డం గీయడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మెట్లు దిగారు. ఆనాటి నుంచి మా వరండాలో ఆ ఆట ఊసు రాలేదు.

మరుసటి ఏడు లియాంగ్ చదువు మాని పినాంగులో వాళ్ళ మేనమామ దుకాణంలో చేరాడు. గోల్లో అన్నయ్య ఒక్కడే మిగిలాడు, వాదించుకోవడానికి ఎవరికీ ఏమీ లేకపోయింది. నిజం చెప్పాలంటే పోటీ లేక వాడి ఆట కూడా కొంత చప్పబడింది. మెర్డెకా రోజున, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, సుంగై పెటానీ మైదానంలో కొత్త జెండా ఎగరేశారు. కొత్త గ్రామం గేటు ఆ వేళకి తనిఖీ లేకుండా తెరిచే ఉండేది. పండగ ఆటకి లియాంగ్ పినాంగు నుంచి బస్సులో వచ్చాడు. శామ్యూల్ మాస్టరు చెరి సగం ఆట నిలబెట్టాడు ఇద్దరినీ. ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు. నాన్నా వేలూ మాత్రం ఇంటికి వచ్చేదాకా రోడ్డంతా వాదించుకుంటూ వచ్చారు, ఎత్తు గొప్పా, కళ్ళు గొప్పా అని, ఏడాది పస్తున్న మనుషుల్లాగ.

రవీ వాడి స్నేహితులూ మాట్లాడుకుంటుంటే నాకు ఒక తేడా కనిపించింది. ఆ ఇద్దరు గోల్‌కీపర్లలో ఒక్కడి ఇల్లు కూడా ఎక్కడో వీళ్ళకి తెలియదు. తిట్టినా పొగిడినా ఫోనులోనే, పొద్దున లేస్తే ఇంకో ఆట. మాకు అలా కుదిరేది కాదు. ఎవడి గురించి వాదించుకున్నామో వాడు ఆ సాయంత్రం మా పెరట్లోనే అన్నం తినేవాడు. ఆ ఇద్దరిలో ఒకడి తండ్రి గొంతు మీదే వేలు కత్తి ఉండేది. అలాగని ఆ రోజులు మేలైనవని అననే అనను. గుప్పెడు బియ్యానికి తనిఖీ జరిగిన రోజులవి. నాయనమ్మ బయటికి రాకపోయి ఉంటే ఆ గుమాస్తా మాటే మా వరండాలో నిలిచిపోయేదేమో. ఇప్పటి పిల్లలకి ఆ మాట తోచనైనా తోచలేదు. చీనా కుర్రవాడూ మలయ్ కుర్రవాడూ మా రవీ ఒకే పళ్ళెంలో చెయ్యిపెట్టి, గోలీ గురించి మాత్రమే పోట్లాడుకున్నారు.

అన్నయ్య సుంగై పెటానీలోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. నాన్న పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ మధ్య నేను వెళ్ళినప్పుడు వాడు మోకాళ్ళకి నూనె రాసుకుంటూ టీవీలో ఏదో ఆట చూస్తున్నాడు. ఎవడో గోలీ పైనుంచి వచ్చిన బంతి వదిలేశాడు. అన్నయ్య నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఆ పొద్దు బంతి నాను పట్టీవోడినే, సెల్లీ. ఎగరక్కర్లేదు. సెయ్యి సాస్తే సరిపోయేది."

ఏ బంతో నేను అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎవరితోనూ ఎందుకు అనలేదని మాత్రం అడిగాను.

"ఎవుడికీ అందదని నాయిన ఊరందరి ముందూ సెప్పినాడు గదా," అన్నాడు అన్నయ్య. "అందుద్దని నానెలాగంతాను?"